బోర్డుల మీద చిక్కిపోతున్న తెలుగు

ఆబిడ్స్‌కు ఆ పేరు ఒక దుకాణం వల్ల వచ్చింది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మేనియన్ యూదు ఇక్కడ పెట్టిన షాపు ఎప్పుడో మూతపడింది. పేరు మాత్రం ఉత్తరాల చిరునామాల్లో, బస్సుల మీద, ఆటోవాళ్ల నోళ్లలో స్థిరపడిపోయింది. ఈ బజారు ఇప్పటికీ బోర్డుల మీదే బతుకుతోంది. జీపీఓ చౌరస్తా దగ్గర బయల్దేరి మొజంజాహీ మార్కెట్ మీదుగా నాంపల్లి స్టేషన్ రోడ్డుకు నడిచే మనిషికి దారిపొడవునా కనిపించేవి భవనాలు కావు, వాటి ముఖాలను కప్పేసిన బోర్డులు.

ఆ బోర్డులను కాస్త నిదానంగా చూస్తే ఒక తేడా తెలుస్తుంది. ఇంగ్లిష్ పేరు నిండుగా, నిబ్బరంగా ఉంటుంది. దాని పైనో కిందో తెలుగు పేరు ఉంటుంది, ఉండాలి కాబట్టి. ఎవరో రెండు వైపులా పట్టుకుని నొక్కినట్టు అక్షరాలు ఈనెల్లా సాగి, సున్నాలు కోడిగుడ్లయి, ఒత్తులు ఒకదాని కాలు ఒకటి తొక్కుతూ కనిపిస్తాయి. రోడ్డుకు ఇవతల నుంచి ఇంగ్లిష్ సులువుగా చదవొచ్చు. తెలుగు చదవాలంటే రోడ్డు దాటాలి.

బోర్డుల్లో తెలుగు లేదన్న ఫిర్యాదు పాతది. దానికి చట్టం ఉంది. 1988 నాటి దుకాణాలు, వాణిజ్య సంస్థల చట్టం కింద చేసిన నిబంధనలు పేరు తెలుగులో రాయాలని చెబుతాయి. కార్మిక శాఖ అప్పుడప్పుడు గుర్తుచేస్తుంది, భాషాభిమానులు తరచుగా గుర్తుచేస్తారు, యజమానులు ఒక వరుస తెలుగు వేయించి చేతులు దులుపుకుంటారు. ఆ వరుస చదవడానికి వీలుగా ఉందా లేదా అన్నది ఎవరూ అడగరు. అడగాల్సింది అదే. ఈ సంగతి భాషాభిమానంతో తేలేది కాదు. అక్షరం కొలతలతో, డీటీపీ షాపులో కంప్యూటర్‌తో, చదరపు అడుగు రేటుతో ముడిపడిన వ్యవహారం.

సన్నగా, పొడవుగా, తోకలూ మొనలూ లేకుండా ఉండే అక్షరాలను ఈ వృత్తిలో కండెన్స్‌డ్ శాన్స్ సెరిఫ్ అంటారు. కాళ్లకు అడ్డగీతలు లేని అక్షరాలను అచ్చు కోసం తొలిసారి పోత పోయించింది లండన్‌లో నాలుగో విలియం క్యాస్లన్, 1816లో. ఆ శతాబ్దంలోనే వాల్‌పోస్టర్ల వ్యాపారం పెరిగింది. కాగితం వెడల్పు తక్కువ, చెప్పాల్సింది ఎక్కువ, దూరానికి కనబడాలి. ఆ అవసరంలోంచి ఇరుకైన దిట్టమైన అక్షరాలు వచ్చాయి, చాలావరకు చెక్క అచ్చులుగా. ఇప్పుడు ఏ కంప్యూటర్‌లో చూసినా ఉండే ఇంపాక్ట్ ఆ వంశానిదే; 1965లో జెఫ్రీ లీ గీసినది. 2010లో జపాన్‌కు చెందిన ర్యోయిచి త్సునెకావా ఉచితంగా వదిలిన బేబాస్ న్యూ ప్రపంచమంతా తిరిగి మన సినిమా పోస్టర్ల మీదికీ, కోచింగ్ సెంటర్ల బ్యానర్ల మీదికీ వచ్చేసింది.

వీటిలో కిటుకు ఒకటుంది. ఇరుకైన అక్షరం గీసేవాడు మామూలు అక్షరాన్ని పక్కల నుంచి నొక్కడు. లోపలి ఖాళీని తగ్గిస్తాడు, గీత మందాన్ని కాపాడుకుంటాడు. గుండ్రని ఓ అక్షరానికి పక్కలు నిలువు గీతలవుతాయి, పైనా కిందా మాత్రమే వంపు మిగులుతుంది. అందుకే అది ఇరుకైనా బలంగానే కనిపిస్తుంది.

మన షాపుల్లో జరిగేది వేరు. కోరల్ డ్రాలో తెలుగు పేరు టైపు చేస్తారు. దాన్ని ఇంగ్లిష్ పేరంత ఎత్తుకు లాగుతారు. ఎత్తుతో పాటు వెడల్పూ పెరుగుతుంది, బోర్డు దాటిపోతుంది. అప్పుడు పక్కనున్న చిన్న నల్ల చదరాన్ని మౌస్‌తో పట్టుకుని లోపలికి తోస్తారు. పని రెండు సెకన్లలో అయిపోతుంది. ఆ తోపుడుతో నిలువు గీతలు సన్నబడతాయి, అడ్డగీతలు అంతే మందంగా ఉండిపోతాయి. గీత మందం ఎక్కడికక్కడ మారిపోతుంది. ముడుచుకున్న చోట్ల లోపలి ఖాళీలు పూడిపోతాయి.

ఈ పాపంలో పత్రికలకూ వాటా ఉంది. పేజ్‌మేకర్ రాజ్యమేలిన రోజుల్లో శీర్షిక రెండు కాలాల్లో పట్టకపోతే మాట మార్చడం కన్నా సెట్ విడ్త్ మెనూలో తొంభై, ఎనభై, డెబ్బై అని దిగిపోవడం తేలిక. ఎనభై వరకు పాఠకుడు ఓర్చుకునేవాడు. డెబ్బై దగ్గర కళ్లు చికిలించేవాడు.

నిజానికి ఆ నొక్కుడు తెలుగుకు చాలాసార్లు అవసరమే లేదు. ఆబిడ్స్ అన్న పేరునే తీసుకోండి. ఇంగ్లిష్‌లో ఐదు అక్షరాలు. తెలుగులో మూడే: ఆ, బి, డ్స్. నాంపల్లికి ఇంగ్లిష్‌లో ఎనిమిది. తెలుగులో సున్నతో కలిపి నాలుగు. పొడవులో తెలుగుకు ఇబ్బంది లేదు. ఇబ్బందంతా ఎత్తులో. డ్స్ ఒక్కదాన్నే చూస్తే మూడంతస్తులు: నడుమ డ, కింద స ఒత్తు, నెత్తిన పొల్లు. నాంపల్లి చివరి అక్షరానికి పైన గుడి, కింద ల ఒత్తు. ఇంగ్లిష్ పెద్దక్షరాలకు ఈ గొడవే లేదు, బోర్డు ఎత్తు మొత్తం అక్షరం ఒంటికే దక్కుతుంది. అదే ఎత్తులో తెలుగు రాస్తే ఒత్తుకూ గుడికీ పోగా అసలు అక్షరానికి మిగిలేది సగానికి అటూ ఇటూగా.

నాంపల్లిలో ప్రభుత్వ కార్యాలయాల బోర్డుల మీద తప్పించుకోలేని మాట రాష్ట్ర. ష కింద ట ఒత్తు, దానితోపాటు ర ఒత్తు. ఈ ఒక్క అక్షరం పట్టేలా ఎత్తు నిర్ణయిస్తే వరుసలో మిగతా అక్షరాలన్నీ చిన్నవైపోతాయి. మిగతావాటికి తగ్గట్టు ఎత్తు పెడితే ఒత్తులు కింది వరుసలో ఉన్న ఇంగ్లిష్ నెత్తిమీద వాలతాయి. చేత్తో రాసే పాత పెయింటర్లకు ఈ చిక్కు తెలుసు. ఒత్తును కాస్త కుదించి, పక్కకు జరిపి, తర్వాతి అక్షరం కింద ఖాళీ ఉంటే అందులోకి తోసేవారు. కుంచె ఏ అక్షరానికి ఆ అక్షరంగా ఆలోచించగలదు. ఫ్లెక్సీ మెషిన్‌కు ఇచ్చిన ఫైల్ ఆలోచించదు.

పైగా షాపు నుదుటి మీద ఉండే బోర్డు ఆకారం ఏమిటి? పొడవు పది పదిహేను అడుగులు, ఎత్తు రెండు మూడు. అంటే అడ్డంగా చోటుంది, నిలువుగా లేదు. పొడవు దండిగా ఉన్న చోట అక్షరాన్ని పక్కల నుంచి నొక్కడమంటే ఉన్న చోటు వదిలేసి లేని చోటు కోసం కొట్టుకోవడమే. దానికి కారణం మళ్లీ డబ్బు. ఫ్లెక్సీ అయినా, అక్రిలిక్ అయినా లెక్క చదరపు అడుగు మీదే. తెలుగుకు అరడుగు ఎత్తు పెంచితే బిల్లు పెరుగుతుంది. నొక్కితే పైసా ఖర్చు లేదు.

హైదరాబాద్ బోర్డులో ఇంకో లిపి కూడా ఉంది. 2017లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేశారు. అంతకు చాలా ముందు నుంచే నాంపల్లి, ఆబిడ్స్‌లలో ఉర్దూ లేని వీధి లేదు. నస్తాలీఖ్ రాత కుడి నుంచి ఎడమకు వాలుగా దిగుతుంది కనుక దానికీ ఎత్తు కావాలి, పొడవు పెద్దగా అక్కర్లేదు. రైల్వే ఆవరణలోకి వెళితే హిందీ కూడా చేరుతుంది. ఇన్ని లిపులకు గీతలు కొట్టి సమానంగా ఎత్తు పంచడం పైకి న్యాయంగానే ఉంటుంది. ఆ సమాన పంపకంలో లాభపడేది ఒక్క ఇంగ్లిషే. తెలుగూ ఉర్దూ రెండూ ఒకే కారణంతో చిన్నబోతాయి. భాషల మధ్య పోటీ గురించి ఆవేశపడే వక్తలు ఈ సంగతిని గమనించినట్టు లేదు.

నొక్కితే పోయేది అందం ఒక్కటే అయితే ఇంత చెప్పుకోనక్కర్లేదు. తెలుగులో చాలా అక్షరాలకు తేడా ఒక చుక్కలోనో చిన్న గీతలోనో ఉంటుంది. ద కడుపులో చుక్క పెడితే థ, కింద గీత పెడితే ధ. ర లో చుక్క పెడితే ఠ. డ కింద గీత పెడితే ఢ. నొక్కిన అక్షరంలో మొదట పూడిపోయేది ఆ చుక్కే. మందుల షాపు, ఆస్పత్రి, కోర్టు, బస్సు బోర్డు లాంటి చోట్ల దూరం నుంచి ఒక్క చూపులో చదవాల్సి ఉంటుంది. నాంపల్లి క్రిమినల్ కోర్టుల ఆవరణలో మొదటిసారి అడుగుపెట్టిన కక్షిదారుకు ఏ గది ఎటు అన్నది బోర్డు చెప్పకపోతే మనిషిని అడగాలి. అడిగితే చెప్పేవాళ్లు దొరుకుతారు, నిజమే. అలాగైతే ఆ బోర్డు ఎందుకు?

రోడ్డు బోర్డుల విషయంలో ఈ జాగ్రత్త పడ్డ దేశాలున్నాయి. 1936లో జర్మనీ డిన్ 1451 పేరుతో ప్రమాణ అక్షరాలను ప్రకటించింది. అందులో ఇరుకు రకం ఉంది. కానీ రోడ్డు బోర్డు మీద మధ్య రకం పట్టని చోటే దాన్ని వాడతారు. అమెరికా హైవే అక్షరాల్లో ఎ నుంచి ఎఫ్ దాకా వెడల్పులుండేవి. అన్నిటికన్నా ఇరుకైన ఎ రకాన్ని వేగంగా వెళ్లే డ్రైవర్లు చదవలేకపోతున్నారని పక్కన పెట్టేశారు. ఇరుకు అక్షరం పుట్టిన చోటే దానికి హద్దు గీశారన్నమాట. మనం హద్దు దాకా పోనవసరం లేదు, ముందు అసలు సరుకు వాడటం మొదలుపెడితే చాలు.

ఎందుకంటే అసలైన ఇరుకు తెలుగు అక్షరాలు పనికొచ్చే చోట్లు చాలా ఉన్నాయి. ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంట్ మీద పరిచే పాత పుస్తకాల వీపులు చూడండి. ఇంగ్లిష్ పుస్తకం పలచనిదైనా వీపు మీద పేరు చదవొచ్చు, ఇరుకు అక్షరాలు ఆ పని చేసిపెడతాయి. తెలుగు కవితా సంపుటి వీపు మీద పేరు ఒత్తులతో సహా పట్టాలంటే చీమల బారవుతుంది, లేదా ప్రచురణకర్త ఖాళీగా వదిలేస్తాడు. అప్పుడు ప్రతి పుస్తకం తిప్పి చూడాలి. (ఆదివారం పొద్దున అలా తిప్పి చూడటంలో ఒక సుఖం ఉందనేవాళ్లూ ఉన్నారు. గ్రంథాలయంలో మాత్రం లేదు.) నాంపల్లి స్టేషన్ చుట్టుపక్కల లాడ్జిల నిలువు బోర్డులు ఇంకో చోటు. గోడకు అడ్డంగా వేలాడే ఆ పట్టీ వెడల్పు రెండడుగులకు మించదు. ఇరవై ముప్పై ఆఫీసులున్న కాంప్లెక్సులో మెట్ల పక్కన పేర్ల పట్టిక, ఫోన్ తెరమీద బటన్లు, పత్రికలో ఒంటి కాలం శీర్షిక, మెట్రో మ్యాపు కూడా ఈ కోవలోవే. 2018 సెప్టెంబర్‌లో అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో మొదలైనప్పుడు నాంపల్లి, గాంధీభవన్, ఉస్మానియా మెడికల్ కాలేజ్ స్టేషన్లు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. మొదటి రెండు పేర్లు ఎంత చిన్న మ్యాపులోనైనా పడతాయి. మూడోదాన్ని పక్క స్టేషన్ పేరుకు తగలకుండా పట్టించడానికి చేతిలో ఇరుకు అక్షరం ఉండాలి.

మరి అలాంటి తెలుగు ఫాంట్లు ఉన్నాయా? ఉన్నాయి, ఉచితంగానే. ముంబైకి చెందిన ఏక్ టైప్ బృందం 2022లో విడుదల చేసిన అనేక్ కుటుంబంలో తొమ్మిది భారతీయ లిపులున్నాయి, తెలుగు అందులో ఒకటి. 2016లో వేరియబుల్ ఫాంట్ల పద్ధతి వచ్చాక మందం, వెడల్పు రెండూ స్లైడర్‌తో మార్చుకునే వీలు కలిగింది. అనేక్ తెలుగులో వెడల్పు మామూలులో డెబ్బై అయిదు శాతం నుంచి నూట పాతిక దాకా వెళుతుంది. డెబ్బై అయిదు దగ్గర కూడా గీత మందం చెడదు, ఎందుకంటే అది నొక్కింది కాదు, విడిగా గీసింది. అందులో ఉర్దూ లేదన్నది హైదరాబాద్‌కు సంబంధించినంత వరకు పెద్ద లోటు. నోటో శాన్స్ తెలుగులోనూ ఇరుకు రూపాలున్నాయి. చతుర అనే ఫాంటు ఐదు మందాల్లో దొరుకుతుంది, గుండ్రాలను పలకలుగా తిప్పి సన్నగా నిలబెట్టిన పద్ధతి. శీర్షికలకు బాగుంటుంది, అయితే దాని అతి సన్నని రకాన్ని బోర్డు మీద పెడితే గాలికి ఎగిరిపోయినట్టే.

ఇవేవీ ఫ్లెక్సీ షాపు దాకా రావు. తెలుగు డీటీపీ దశాబ్దాలుగా అను ఫాంట్ల మీద నడిచింది. ఆపరేటర్ల వేళ్లకు ఆ కీబోర్డు అలవాటు, పాత ఫైళ్లన్నీ అందులోనే. అవి యూనికోడ్ కావు. కొత్త ఫాంట్లన్నీ యూనికోడ్‌వి. పాత కోరల్ డ్రాలో, పేజ్‌మేకర్‌లో యూనికోడ్ తెలుగు టైపు చేస్తే ఒత్తులు విడిపోయి చెల్లాచెదురవుతాయి. ఇన్‌డిజైన్‌కే భారతీయ లిపుల్ని సరిగ్గా కూర్చే తెలివి 2012లో సీఎస్6తో వచ్చింది. పాత సాఫ్ట్‌వేర్‌తో రోజు గడుస్తున్న చిన్న షాపు యజమాని కొత్తది కొనడు. అతన్ని తప్పుపట్టి లాభం లేదు. గంటలో పది బ్యానర్లు ఇవ్వాల్సినవాడు అక్షర సౌందర్యం గురించి ఉపన్యాసం వినడు. నొక్కడం కన్నా తేలికైన దారి చూపిస్తే ఆ దారినే పోతాడు.

ఆ దారి చూపించాల్సిన సంస్థ హైదరాబాద్‌లోనే ఉంది. 1985లో ఏర్పడి, పబ్లిక్ గార్డెన్స్‌లో చాలాకాలం కొలువున్న తెలుగు విశ్వవిద్యాలయానికి 2025లో సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టారు. 1926లో గోలకొండ పత్రికను స్థాపించి, నిజాం రాజ్యంలో తెలుగు అచ్చును నిలబెట్టిన మనిషి ఆయన. సురవరం పేరుతో గూగుల్ ఫాంట్స్‌లో ఒక తెలుగు ఫాంటు కూడా ఉంది. పేరు పెట్టుకోవడం గౌరవమే. ఆ గౌరవానికి తగిన పని ఒకటి చేయదలిస్తే బోర్డుల కోసమే ఒక అక్షర కుటుంబం గీయించవచ్చు. తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ పక్కపక్కన పెట్టినా ఎవరూ చిన్నబోకుండా, ఒత్తులు లోతుగా దిగకుండా, మూడు వెడల్పుల్లో. నోటో తెలుగులో తెరల కోసం ఎత్తు కుదించిన యూఐ రకం ఒకటి చేశారు కాబట్టి ఒత్తుల లోతు తగ్గించడం సాధ్యమేనని తెలుసు. తెలుగుకు అసలు కావాల్సిన కండెన్సింగ్ అది, వెడల్పులో కాదు, ఎత్తులో. బోర్డులు రాసిన పాత పెయింటర్లు ఇంకా ఉండగానే వాళ్లను ఆ పనిలో కూర్చోబెడితే పుస్తకాల్లో దొరకని కిటుకులు దొరుకుతాయి.

ఇక ప్రభుత్వం చేయాల్సింది నిబంధనకు రెండు వాక్యాలు చేర్చడం. తెలుగు ఉండాలి అన్న దగ్గర ఆగకుండా, అక్షరం ఒడ్డూ పొడుగూ ఎంత ఉండాలో చెప్పాలి. ఒత్తులు, గుడులు లెక్కలోకి తీసుకోకుండా, క అనే అక్షరం ఎత్తు ఇంగ్లిష్ పెద్దక్షరం ఎత్తుకు తగ్గకూడదని రాస్తే చాలు. ఇన్‌స్పెక్టర్ టేపు పెట్టి కొలవొచ్చు. యజమానికి కూడా అర్థమవుతుంది. తెలుగు వరుసకు ఎత్తు ఇంగ్లిష్ వరుస కన్నా దాదాపు రెట్టింపు కావాల్సి వస్తుంది, ఉర్దూకూ దాదాపు అంతే. బోర్డు బిల్లు కొంత పెరుగుతుంది. షాపు పెట్టేటప్పుడు ఏసీలకు, అద్దాలకు పెట్టే ఖర్చు ముందు అదేపాటిది?

దీనికి వచ్చే అభ్యంతరం ఊహించదగ్గదే. ఆబిడ్స్‌లో బట్టలు కొనేవాళ్లు బ్రాండ్ గుర్తు చూసి లోపలికి వెళతారు, ఎవరు చదువుతారండీ తెలుగు బోర్డు అంటారు. బ్రాండ్ షాపుల మేరకు అది నిజం కావచ్చు. ఊరి నుంచి రైల్లో నాంపల్లిలో దిగి ఆస్పత్రికో కోర్టుకో పరీక్షకో వెళ్లే మనిషి బ్రాండ్లు వెతుక్కోడు. అతను వెతికే బోర్డుల్లో ఎక్కువ భాగం ప్రభుత్వానివే. వాటి మీద కూడా తెలుగు నొక్కుడు పడే ఉంది. అందుకే మొదలు సర్కారు ఇంటి నుంచే కావాలి.

పరీక్షించి చూడటానికి మంచి చోటు కూడా దగ్గర్లోనే ఉంది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైన నుమాయిష్ మామూలుగా ఏటా జనవరి ఒకటిన నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో తెరుచుకుంటుంది. కశ్మీరీ శాలువాల నుంచి ఊరగాయల దాకా వందల కొద్దీ స్టాళ్లు, ప్రతి స్టాలుకూ కొత్త బోర్డు, అన్నీ ఒకటే ఆకారం: పొడుగాటి పొట్టి పట్టీ. నెలన్నర తర్వాత అన్నీ ఊడదీస్తారు. ఒక వరుస స్టాళ్లకు పాత పద్ధతి, పక్క వరుసకు సరిగ్గా గీసిన అక్షరాలు పెట్టి, గేటు దగ్గర నుంచి ఎన్ని అడుగుల దూరంలో ఏది చదవగలుగుతున్నారో సందర్శకులనే అడిగి రాసుకోవచ్చు. దరఖాస్తులో రాసిన స్టాలు పేరుతోనే తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ వరుసల కొలతలున్న రెడీమేడ్ ఫైలు కోరల్ డ్రాలో తెరుచుకునేలా ఇస్తే, దాన్ని ప్రింటుకు పంపడమే మిగులుతుంది. యూనికోడ్ గొడవ లేకుండా అక్షరాలను ఆకారాలుగా మార్చి ఇవ్వడం ఏ డిజైనర్‌కైనా ఒక పూట పని. ఫిబ్రవరి సగానికి లెక్కలు చేతిలో ఉంటాయి, నిబంధన మార్చాలా వద్దా అన్న చర్చ వాటి మీద చేసుకోవచ్చు.